చుట్టుకొలతకి థర్మోకోల్ ఎందుకండీ?

"యాక్టివిటీ", "ప్రాజెక్టు", "లెర్నింగ్ బై డూయింగ్" - ఈ మూడు మాటలు ఏ స్కూలు బ్రోచర్లో కనబడినా నాకు ముందు థర్మోకోల్ వాసనొస్తుంది. తర్వాత ఫెవికాల్ వాసన. ఆ తర్వాత, ఆదివారం రాత్రి పదకొండింటికి కత్తెర పట్టుకుని నేల మీద చతికిలబడ్డ ఒక ప్రాజెక్టు మేనేజరు కనబడతాడు. ఆయన పిల్లాడు ఎప్పుడో పడుకున్నాడు.

ముందే చెప్పేస్తున్నా, లేకపోతే "నువ్వు బట్టీ చదువుల మనిషివా?" అని వ్యాఖ్యల్లో తగులుకుంటారు. నా గొడవ ప్రాజెక్టులతో కాదు. ప్రాజెక్టులు కావాలనే నా వాదన. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి వైశాల్యం, చుట్టుకొలత అనే రెండు విషయాలు కొలిచి, కత్తిరించి, పరిచి, చుట్టూ నడిచి నేర్పాలి తప్ప ఇంకోరకంగా నేర్పకూడదంటాను. సూత్రం అన్నిటికంటే ఆఖర్న రావాలి. మరి గొడవెవరితో అంటే, ఆ పేరు చెప్పి థర్మోకోల్ అమ్మేవాళ్ళతో. వాళ్ళకి ఫీజు కట్టి మరీ చప్పట్లు కొట్టే మనతో.

ఇంత చిన్న విషయానికి అంత ఆవేశం ఎందుకు అంటారా? చిన్న విషయమో కాదో చూద్దాం.

మనవాళ్ళలో సగంమంది ఆఫీసు క్యాంటీన్లో మాట్లాడుకునేది ప్లాట్ల గురించేగా. 200 గజాల ప్లాటు. అంటే 1800 చదరపు అడుగులు. ఒకటి 40 అడుగులు × 45 అడుగులు ఉంది. ఇంకోటి 20 × 90. రెండూ 200 గజాలే, గజం రేటు ఒకటే. ప్రహరీ గోడ కట్టడానికి మేస్త్రీని పిలిస్తే మొదటిదానికి 170 అడుగుల గోడ, రెండోదానికి 220 అడుగుల గోడ. అదే నేల, 50 అడుగుల గోడ ఎక్కువ. ఈ లెక్క కాగితం మీద అందరికీ వచ్చు. కానీ "ఒకే వైశాల్యం అయితే చుట్టుకొలత కూడా ఒకటే కదా?" అని ఠక్కున అడిగి చూడండి, కాసేపు నసగనివాళ్ళు ఎంతమందో.

పొలం దగ్గర ఇది ఇంకా పెద్దదవుతుంది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. తెలంగాణలో 40 గుంటలనండి, ఆంధ్రలో 100 సెంట్లనండి, నేల అదే. చతురస్రంగా ఉన్న ఎకరానికి చుట్టూ 835 అడుగుల కంచె సరిపోతుంది. అదే ఎకరం 66 అడుగుల వెడల్పు, 660 అడుగుల పొడవుతో బద్దీలాగా ఉంటే 1452 అడుగులు కావాలి. నాలుగు వరసల ముళ్ళతీగ లాగాలంటే తేడా ఎంతో మీరే గుణించుకోండి. అన్నదమ్ములు పంచుకున్న పొలాలు చాలాచోట్ల ఈ బద్దీ ఆకారంలోనే మిగులుతాయి. అంటే ఇది పాఠ్యపుస్తకం లెక్క కాదు. ఖర్చు లెక్క, ఒక్కోసారి కొట్లాట లెక్క.

ఈ తికమక ఈనాటిదీ కాదు. సిసిలీ ద్వీపం ఎంత పెద్దదో చెప్పడానికి గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ దాని చుట్టూ ఓడలో తిరిగి రావడానికి దాదాపు ఎనిమిది రోజులు పడుతుందని రాశాడు. చుట్టుకొలతతో వైశాల్యాన్ని కొలిచాడన్నమాట! అయిదో శతాబ్దంలో యూక్లిడ్‌కి వ్యాఖ్యానం రాసిన ప్రోక్లస్ ఇంకో అడుగు ముందుకెళ్ళి, భూమి పంపకాల్లో చుట్టుకొలత ఎక్కువున్న ముక్కని ఎదుటివాడికిచ్చి, వైశాల్యం ఎక్కువున్నది తాము ఉంచుకుని, పైగా ఉదారులమని పేరు తెచ్చుకున్న ఘనుల గురించి చెప్పాడు. పదిహేను వందల ఏళ్ళు గడిచాయి. ఆ ఘనులు రియల్ ఎస్టేట్‌లోకి వచ్చేశారు :)

టీచర్ల సంగతి కూడా వినండి. లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో ఒక పుస్తకం వేశారు. అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రాథమిక టీచర్లని కూర్చోబెట్టి మాట్లాడారు. అందులో ఒక ప్రశ్న ఇది: ఒక పాప వచ్చి "టీచర్, నేనొకటి కనిపెట్టాను, చుట్టుకొలత పెరిగితే వైశాల్యం కూడా పెరుగుతుంది" అని, 4 × 4 చతురస్రం, 4 × 8 దీర్ఘచతురస్రం గీసి చూపిస్తే మీరేం చేస్తారు? అమెరికా టీచర్లలో కాగితం తీసి స్వయంగా పరీక్షించి చూసినవాళ్ళు బహు తక్కువ. పుస్తకం చూసి చెప్తామన్నవాళ్ళున్నారు. చైనా టీచర్లలో ఎక్కువమంది తామే వేరే ఆకారాలు గీసి చూసి, పాప చెప్పింది ఎప్పుడు నిజమో ఎప్పుడు కాదో తేల్చారు. అమెరికావాళ్ళకి డిగ్రీలు తక్కువని కాదు. లెక్కని తాకి చూసే అలవాటు దగ్గర తేడా అది.

ఇప్పుడు మన బళ్ళోకి వద్దాం.

మా అక్క కూతురు హైదరాబాదులో ఒక పేరున్న స్కూల్లో నాలుగో తరగతి చదివింది (పేరు ఎందుకులెండి, అన్నీ ఒక తానులో గుడ్డలే). ఒక శుక్రవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో హుకుం జారీ అయింది. ఏరియా, పెరిమీటర్ ప్రాజెక్టు. ఇంటి త్రీడీ మోడల్ చెయ్యాలి. సోమవారం పొద్దున్నే తేవాలి. అలంకరణకి మార్కులున్నాయి. మా అక్క స్టేషనరీ షాపుకి పరిగెత్తింది, మా బావ థర్మోకోల్ కోశాడు, పచ్చ రంపపు పొట్టుతో లాన్ వేశారు, ప్లాస్టిక్ కారు ఒకటి పెట్టారు. "ఏరియా = ఎల్ × బి" అని మెరుపుల పెన్నుతో అట్ట మీద రాశారు. పాపకి బంగారు స్టారు వచ్చింది. ఫోటో స్కూలు ఫేస్‌బుక్ పేజీలో పడింది.

తర్వాతి వారం నేను వెళ్ళినప్పుడు, వాళ్ళ డైనింగ్ టేబుల్ అంచుకి చుట్టూ లేసు కుట్టాలంటే ఎంత లేసు కావాలి అని అడిగాను. టేపు చేతికిచ్చాను. పొడవు కొలిచింది, వెడల్పు కొలిచింది. ఆగింది. నా మొహం వంక చూసి అడిగింది: "మామయ్యా, కలపాలా, గుణించాలా?"

ఆ ప్రశ్నలోనే ఉంది మొత్తం కథ. పాప తెలివితక్కువది కాదు, కొలవడం వచ్చు, ఎక్కాలు వచ్చు. తనకి తెలియనిదల్లా తను ఏం కొలుస్తోందో. ఒక గీత పొడవునా, ఒక చోటు విశాలాన్నా? ఇంట్లో ఆ బంగారు స్టారు ప్రాజెక్టు ఇంకా షోకేసులో ఉంది. అందులో తను కొలిచింది ఒక్క సెంటీమీటరు కూడా లేదు.

మన భాషలో చెప్పాలంటే ఇది టైప్ ఎర్రర్. సెంటీమీటరు ఒక టైపు, చదరపు సెంటీమీటరు ఇంకో టైపు. రెండిటినీ ఉత్త అంకెలుగా చేసి పిల్లల బుర్రలో పడేస్తే ఏది ఎక్కడ వాడాలో వాళ్ళకెలా తెలుస్తుంది? యూనిట్ల మీద చులకన ఎక్కడికి దారి తీస్తుందో 1999లో నాసా చూసింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ లెక్కల్లో ఇచ్చిన అంకెని ఇంకోటి న్యూటన్ల లెక్కగా తీసుకుంది, మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది. అక్కడా అంకె సరైనదే. అది దేని అంకె అన్నదే తప్పు.

ఇంకో చిన్న మాట. "పెరిమీటర్" అన్న పదం మన పిల్లకి ఏమీ చెప్పదు. "చుట్టుకొలత" అన్న పదం అర్థాన్ని మోసుకునే వస్తుంది: చుట్టూ తిరిగి కొలిచేది. ఇంగ్లీషు మీడియం అయినా సరే, ఆ ఒక్క రోజు ఆ ఒక్క మాట క్లాసులో పలికితే సగం తికమక పోతుంది. పలికితే ఎక్కడ ఫైన్ వేస్తారో అని భయం. అది ఇంకో టపా.

సరే, విమర్శించడం తేలిక, మరి నువ్వేం చేయమంటావ్ అంటారు. చెప్తాను. అన్నిటికీ కలిపి కావలసిన సామాను: పాత న్యూస్‌పేపర్లు, సుద్దముక్క, దారం, అగ్గిపుల్లలు, కొలత టేపు, గళ్ళ నోటుబుక్కు.

ఒకటి. 24 అగ్గిపుల్లలు. అన్నీ వాడి ఎన్ని రకాల దీర్ఘచతురస్రాలు చెయ్యగలరో చెయ్యమనండి. 1 × 11, 2 × 10, 3 × 9, 4 × 8, 5 × 7, 6 × 6. చుట్టుకొలత అన్నిటికీ 24 పుల్లలే. లోపల పట్టే గళ్ళు లెక్కపెడితే 11, 20, 27, 32, 35, 36. పిల్లలు నోరు తెరుస్తారు. ఎవరూ చెప్పకుండానే "చతురస్రానికే ఎక్కువ" అంటారు.

రెండు. దీన్ని తిరగెయ్యండి. పాత శుభలేఖల్ని కత్తిరించి ఒకే కొలత చదరాలు 36 చెయ్యండి. 36 వాడి దీర్ఘచతురస్రాలు పేర్చాలి. 6 × 6 చుట్టుకొలత 24. 4 × 9 అయితే 26. 3 × 12 అయితే 30. 2 × 18 అయితే 40. ఒకే వరసలో పేరిస్తే 74. ప్లాట్ల గురించి నేను పైన చెప్పిందంతా ఇక్కడే ఉంది, తొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో.

మూడు. 10 × 6 సెంటీమీటర్ల కాగితం. ఒక మూల నుంచి 2 × 2 ముక్క కత్తిరించండి. కత్తిరించే ముందే అడగండి: వైశాల్యం ఏమవుతుంది, చుట్టుకొలత ఏమవుతుంది? రెండూ తగ్గుతాయి అంటారు అందరూ. వైశాల్యం 60 నుంచి 56 అయింది. దారం పెట్టి చుట్టూ కొలిస్తే 32 అలాగే ఉంది! అదే ముక్క మూల నుంచి కాకుండా పక్క మధ్యలోంచి కత్తిరిస్తే చుట్టుకొలత 36కి పెరుగుతుంది. నేల తగ్గి, గోడ పెరిగింది. ఈ ఆశ్చర్యం ఒకసారి కలిగిన పిల్ల ఇక జన్మలో ఆ రెండిటినీ కలగలపదు.

నాలుగు. న్యూస్‌పేపర్లు అతికించి ఒక చదరపు మీటరు చెయ్యండి. అందులో ఎంతమంది నిలబడగలరో నిలబడి చూడండి. తర్వాత అడగండి, ఇందులో ఎన్ని చదరపు సెంటీమీటర్లు? వంద అంటారు. 10,000 అని ఒప్పుకోవడానికి ఒక అంచు వెంబడి 100 గళ్ళు, అలాంటి వరసలు 100 అని గీసి చూపించాలి. పెద్దవాళ్ళు కూడా గజానికి మూడు అడుగులు కాబట్టి చదరపు గజానికి మూడు చదరపు అడుగులు అనేస్తారు. తొమ్మిది బాబూ, తొమ్మిది.

అయిదు. ఇది ఆడపిల్లలకి ముందే వచ్చు, మగపిల్లలకి నేర్పాలి: చుక్కల ముగ్గు. వరసకి 5 చుక్కలు, 5 వరసలు. చుక్కలు 25, వాటి మధ్య గళ్ళు 16. ఎందుకు 25 కాదు? ఎందుకంటే అయిదు చుక్కల మధ్య ఖాళీలు నాలుగే. మనం ఉద్యోగంలో చేరాక ఏళ్ళ తరబడి చేసే ఆఫ్-బై-వన్ బగ్ ఇదే, దానికి ఇంకో పేరే ఫెన్స్‌పోస్ట్ ఎర్రర్. 30 అడుగుల గోడకి పది అడుగులకొక స్తంభం అంటే మూడు కాదు, నాలుగు. అదే 180 అడుగుల ప్రహరీ చుట్టూ పాతితే మాత్రం కచ్చితంగా 18, ఎందుకంటే మొదటి స్తంభం దగ్గరికే తిరిగొస్తాం. కర్రపుల్లలు గుచ్చి చూసుకున్న పిల్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఈ అయిదూ అయ్యాక సూత్రం చెప్పండి. అసలు చెప్పక్కర్లేదు, "గళ్ళు లెక్కపెట్టడం బోరు కొడుతోంది, వరసలో ఎన్నో చూసి గుణిస్తే పోలా" అని పిల్లలే అంటారు. సూత్రం పుట్టేది అలాగే, బద్ధకంలోంచి. మంచి కోడ్ పుట్టేది కూడా అలాగేగా.

ఇహ అభ్యంతరాలు.

"మేమంతా బట్టీ పట్టే వచ్చాం, ఇప్పుడు అమెరికాలో లేమా?" ఇది మనవాళ్ళ ఆస్థాన వాదన. బట్టీ పట్టి పైకొచ్చినవాళ్ళు కనబడుతున్నారు, ఎందుకంటే పక్కనే కూర్చున్నారు. ఆ బట్టీ దగ్గరే లెక్కలంటే భయం పుట్టి, "నాకు లెక్కలు రావు" అనుకుని ఆగిపోయినవాళ్ళు మన క్యాంటీన్‌కి రారు కదా, ఎలా కనబడతారు? మన ఊరి బళ్ళో మనతో పాటు కూర్చున్న నలభైమందిలో మిగతావాళ్ళని లెక్కలో వేసుకోకుండా మన ఉద్యోగాన్ని సాక్ష్యంగా చూపడం లెక్కల మనిషి చేసే పని కాదు.

"టైమెక్కడుంది? సిలబస్ అవ్వాలి, ఫౌండేషన్ క్లాసులున్నాయి." పైన చెప్పిన అయిదూ అయిదారు పీరియడ్ల పని. నాలుగో తరగతిలో ఆ అయిదారు పీరియడ్లు మిగుల్చుకుని, అదే పాఠాన్ని అయిదులో, ఆరులో, ఏడులో మళ్ళీ మళ్ళీ చెప్తున్నారు. ఏది టైము వృథా? బగ్‌ని డిజైన్‌లో పట్టుకుంటే చవక, ప్రొడక్షన్‌లో పట్టుకుంటే ఖరీదు అని మనం క్లయింటుకి పాఠాలు చెప్తాం. మన పిల్లల దగ్గరకొచ్చేసరికి మర్చిపోతాం.

"క్లాసుకి నలభైమంది, టీచర్ ఒక్కరు." ఇది నిజమైన ఇబ్బంది. ఒప్పుకుంటాను. ప్రాథమిక బళ్ళలో 30 మందికి ఒక టీచర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. లక్షలు ఫీజు పుచ్చుకునే చోట అంతకంటే ఎక్కువమందిని కుక్కితే అది అడగాల్సింది మనమే. అయినా అగ్గిపుల్లల పని నలుగురేసి పిల్లలు గుంపుగా చేసుకోవచ్చు. రిషివ్యాలీవాళ్ళు పల్లెబడుల్లో, ఒకే గదిలో నాలుగైదు తరగతుల పిల్లలున్నచోట, కార్డులతో పిల్లలు తమంతట తాము పని చేసుకునే పద్ధతిని తయారుచేశారు. చిత్తూరు సీమలో పుట్టిన ఆ ఆలోచనని అందిపుచ్చుకుని చెన్నై కార్పొరేషన్ బళ్ళు 2003లో మొదలుపెట్టాయి, తర్వాత తమిళనాడు ప్రభుత్వ బళ్ళన్నిటికీ తీసుకెళ్ళారు. ఏసీ క్లాసురూముల్లో కుదరదు అంటున్నది పల్లెబడుల్లో చేశారు.

"చేత్తో చేస్తే చాలు, అర్థమైపోతుందా?" ఇది మాత్రం మంచి ప్రశ్న. చాలదు. డెబోరా బాల్ అనే అమెరికన్ గణిత విద్యావేత్త 1992లోనే దీని గురించి హెచ్చరించారు. వస్తువుల్లో గణితం దాక్కుని ఉండదు, పట్టుకోగానే బుర్రలోకి ఎక్కదు అన్నది ఆవిడ వాదన సారాంశం. అందుకే ప్రతి పనికీ ముందు "ఏమవుతుందనుకుంటున్నావ్?" అని అడగాలి, తర్వాత "ఎందుకలా అయింది?" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ లేని అగ్గిపుల్లలు కూడా చిన్నసైజు థర్మోకోలే. ఆ ప్రశ్నలు అడగడానికి టీచర్‌కి ముందు విషయం తెలియాలి. స్కూళ్ళు డబ్బు పెట్టాల్సింది అక్కడ, స్మార్ట్ బోర్డుల మీద కాదు.

ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ వేసిన మ్యాథ్-మ్యాజిక్ పుస్తకాల్లో నాలుగో తరగతిలో పొలాలు, కంచెల మీద ఒక పాఠం, ఐదులో గళ్ళు లెక్కపెట్టే పాఠం ఒకటి, వైశాల్యం, హద్దుల మీద ఇంకోటి ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో కొత్త పుస్తకాలొచ్చాయి. చెన్నైలో పి.కె. శ్రీనివాసన్ అనే లెక్కల మాస్టారు ఖర్చులేని వస్తువులతో లెక్కలు చెప్పడం కోసం జీవితమంతా పనిచేశారు. ఐఐటీలో చదివిన అర్వింద్ గుప్తా చెత్తబుట్టలో పడేసేవాటితో బొమ్మలు చేసి పాఠాలు చెప్తూ, పుస్తకాలన్నీ ఉచితంగా నెట్‌లో పెట్టారు. ఇంకా వెనక్కి పోతే, మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన మన తెలుగులోకి తెచ్చాడు. ఆ మూలగ్రంథంలో క్షేత్రగణితానికి ఒక అధ్యాయమే ఉంది. క్షేత్రం అంటే పొలమే కదండీ. వెయ్యేళ్ళ క్రితం పొలంలో ఉన్న లెక్కని మనం తీసుకొచ్చి షోకేసులో పెట్టాం.

కాబట్టి, వచ్చే పేరెంట్స్ మీటింగుకి వెళ్ళే మహానుభావులారా, మూడు ప్రశ్నలు అడగండి. ఈ ప్రాజెక్టులో మా పిల్ల స్వయంగా ఏం కొలిచింది? కొలవకముందు ఏమనుకుంది, కొలిచాక ఏం తేలింది, అది నోటుబుక్కులో ఎక్కడ ఉంది? ఇంటికి పంపకుండా మీ క్లాసులోనే ఎందుకు చేయించలేదు? మార్కులు, ర్యాంకులు అడగడానికి లైన్లో నిలబడతాం కదా, దీనికి రెండు నిమిషాలు చాలు. నలుగురు అడిగితే మేడం విసుక్కుంటుంది. నలభైమంది అడిగితే ప్రిన్సిపాల్ వింటాడు. వినక తప్పదు, కస్టమర్లం కదా.

అంతవరకూ వాట్సాప్‌లో మళ్ళీ థర్మోకోల్ హుకుం వస్తే చెయ్యకండి. టేపు పిల్ల చేతికిచ్చి, వంకరగా అతికించినా, తప్పుగా కొలిచినా తను చేసిందే పంపండి. స్టారు రాదు. రాకపోతే పోనివ్వండి. "కలపాలా, గుణించాలా?" అని మన మొహం చూసి అడగకుండా, టేబుల్ చుట్టూ ఒకసారి తిరిగి తనే చెప్పగలిగితే, మనం కట్టిన ఫీజులో ఆ కాస్తయినా గిట్టినట్టే.